ఒక్కడేనా, వెనక ఇంకెవరైనా ఉన్నారా?



చేవెళ్లలోనైనా, మొయినాబాద్‌లోనైనా ఒక హత్య వార్త ఊళ్లోకి వచ్చిందంటే రెండో రోజుకల్లా బస్టాండు దగ్గర, హోటళ్ల ముందు ఒక మాట మొదలవుతుంది. "ఇది ఒక్కనితోని అయ్యే పనేనా? ఎన్కల ఇంకెవరో ఉన్నరు." నిందితుణ్ణి పోలీసులు పట్టుకుని పత్రికల వాళ్ల ముందు నిలబెట్టినా ఆ మాట ఆగదు. కోర్టు శిక్ష వేశాక కూడా కొన్ని కేసుల్లో ఆ అనుమానం అలాగే ఉండిపోతుంది. ఇవాళ ఆ అనుమానం గురించే మీతో మాట్లాడదలిచాను. అది కొట్టిపారేయాల్సిన అనుమానం కాదు. కొన్నిసార్లు దర్యాప్తును సరైన దారిలో పెట్టేది అదే. కొన్నిసార్లు ఏ పాపమూ ఎరగని మనిషి కొంపకు నిప్పు పెట్టేది కూడా అదే. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో మనకు తెలిసి ఉండాలి.

మన వైపు ఈ ప్రశ్న తరచుగా రావడానికి కారణముంది. హైదరాబాద్ నుంచి మన మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు పెద్ద రోడ్డు. అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగితే కాసేపట్లో మొయినాబాద్, ఆ తర్వాత చేవెళ్ల. ఒక పక్క గండిపేట, ఇంకో పక్క హిమాయత్‌సాగర్. 111 జీవో వల్ల పెద్ద కట్టడాలు రాని భూముల్లో ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. వారంలో ఐదు రోజులు వాటిలో కాపలా మనిషి తప్ప ఎవరూ ఉండరు. నగరంలో జరిగిన నేరాన్ని నగరం బయట వదిలేసి పోవాలనుకునేవాడికి ఇలాంటి చోటు కనబడుతుంది. 2020 మార్చిలో చేవెళ్ల మండలం తంగడపల్లి దగ్గర వంతెన కింద గుర్తు తెలియని యువతి మృతదేహం దొరికిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి చోట మృతదేహం కనబడితే ఎవరికైనా తోచేది ఒకటే. ఎక్కడ చంపారు? ఏ బండిలో తెచ్చారు? బండిలోంచి దించినవాడు ఒక్కడేనా, ఇద్దరా? ఈ ప్రశ్నలు ఊరివాళ్లవి మాత్రమే కావు, ఏ దర్యాప్తు అధికారి అయినా మొదట వేసుకోవాల్సినవి.

"ఒక్కడి వల్ల ఎలా అవుతుంది" అన్న ప్రశ్న తెలంగాణలో అన్నిటికంటే బలంగా వినబడింది గొర్రెకుంట కేసులో. వరంగల్ పక్కన, గీసుకొండ మండలంలోని ఊరది. 2020 మే, లాక్‌డౌన్ రోజులు. గోనె సంచులు కుట్టే యూనిట్ పక్కనున్న పాడుబడిన బావిలో మే 21న నాలుగు మృతదేహాలు తేలాయి. మర్నాడు ఇంకో ఐదు. మొత్తం తొమ్మిది మంది. ఆరుగురు ఒకే కుటుంబం వాళ్లు. అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ల ముందు పశ్చిమ బెంగాల్ నుంచి బతకడానికి వచ్చి వరంగల్‌లో స్థిరపడ్డవాళ్లు. వాళ్లలో మూడేళ్ల పసివాడు కూడా ఉన్నాడు. మిగతా ముగ్గురిలో ఇద్దరు అక్కడే పనిచేస్తున్న బీహార్ యువకులు, ఇంకొకరు ఆ కుటుంబానికి తెలిసిన డ్రైవర్.

మొదటి రోజు అందరూ ఆత్మహత్య అనుకున్నారు. లాక్‌డౌన్‌లో పనుల్లేక ఆకలికి తాళలేక దూకారన్నారు. మర్నాడు ఇంటివాళ్లు కానివాళ్ల మృతదేహాలు కూడా బయటపడేసరికి ఆ ఊహ నిలబడలేదు. అప్పుడు ఊహ రెండో కొసకు పోయింది. తొమ్మిది మందిని చంపాలంటే ముఠా ఉండాలి అన్నారు. పోలీసులు కూడా మొదట ఆ దారిలోనే వెళ్లి చాలామందిని పిలిచి అడిగారు. నాలుగైదు రోజులు తిరక్కుండానే సంజయ్ కుమార్ యాదవ్ అనే బీహార్ యువకుణ్ణి అరెస్టు చేశారు. ఒక్కడే చేశాడని చెప్పారు.

విన్నవాళ్లెవరూ ఒక పట్టాన నమ్మలేదు. నమ్మకపోవడం సహజమే. ఇరవైల్లో ఉన్న ఒక్క మనిషి ఒక్క రాత్రిలో తొమ్మిది మందిని బావిలో పడేయడమేమిటి? ఒక్కరు కూడా అరవలేదా? ఒక్కరు కూడా పారిపోలేదా?

పోలీసులు చెప్పిన కథనం వింటే ఈ ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది, కానీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ కుటుంబానికి బంధువైన ఒక మహిళతో సంజయ్ కలిసి ఉండేవాడు. 2020 మార్చిలో ఆమెను రైల్లో తీసుకెళుతూ మజ్జిగలో నిద్రమాత్రలు కలిపి ఇచ్చి, నిడదవోలు దగ్గర బోగీలోంచి తోసేశాడు. ఆమె ఏదని బంధువులు అడగసాగారు. పోలీసులకు చెబుతామన్నారు. ఆ మొదటి హత్యను దాచడానికే మిగతావన్నీ చేశాడని దర్యాప్తులో తేలింది. మే 20 రాత్రి వాళ్ల భోజనంలో నిద్రమాత్రలు కలిపాడు. పక్కనే ఉంటున్న బీహార్ యువకులు రేపు తన పేరు చెబుతారేమోనని వాళ్లు తినే దాంట్లోనూ కలిపాడు. అందరూ మత్తులో పడ్డాక అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా ఒక్కొక్కరినీ గోనె సంచుల సాయంతో ఈడ్చుకెళ్లి బావిలో పడేశాడు.

ఇప్పుడు ఊరివాళ్ల ప్రశ్న దగ్గరకు వద్దాం. తొమ్మిది మందిని ఒక్కడు ఎదిరించగలడా అంటే, ఎదిరించలేడు. కానీ ఇక్కడ ఎదురు తిరిగేవాళ్లే లేరు. ఒక్కడు అంత బరువు మొయ్యగలడా అంటే, ఎత్తి మొయ్యాల్సిన పని లేదు, ఈడిస్తే చాలు, బావి పక్కనే ఉంది. అంత సమయం ఉందా అంటే, రాత్రంతా ఉంది. లాక్‌డౌన్‌లో ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లు లేరు. ఇన్ని చేతులు ఉంటే తప్ప ఇంత పని జరగదని మనం వేసుకునే లెక్క మెలకువగా ఉన్న మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని వేసేది. నిద్రమాత్ర ఆ లెక్కను తలకిందులు చేసింది.

2020 అక్టోబరు 28న వరంగల్ కోర్టు సంజయ్ కుమార్‌కు ఉరిశిక్ష విధించింది. నేరం జరిగి ఐదు నెలలు దాటింది, అంతే. మన దేశంలో హత్య కేసు ఏళ్ల తరబడి నడుస్తుందని అలవాటు పడ్డవాళ్లకు అది ఆశ్చర్యం. నాకు అందులో ఒక మేలు కనిపిస్తుంది, ఒక జాగ్రత్త కూడా. సాక్షుల జ్ఞాపకం మాసిపోకముందే విచారణ ముగియడం మేలు. ప్రాణం తీసే శిక్ష వేసే కేసులో "ఇంకెవరూ లేరు" అన్న మాట కూడా "వీడే చేశాడు" అన్నంత గట్టిగా తేలాలి అన్నది జాగ్రత్త. ఎందుకంటే పక్కన ఇంకొకరు ఉండి ఉంటే, ఎవరు పురమాయించారు, ఎవరు చేశారు అన్నదాన్ని బట్టి శిక్ష తూకం మారుతుంది. జిల్లా కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు మళ్లీ మొదటి నుంచీ పరిశీలించి ఖరారు చేయాలని మన చట్టం పెట్టిన నియమం ఊరికే పెట్టింది కాదు.

గొర్రెకుంట గురించి ఇంకొక్క మాట. చంపినవాడు బీహార్‌వాడు. చనిపోయినవాళ్లలో ఇద్దరు బీహార్‌వాళ్లే. ఈ రెండో సంగతి చాలామందికి గుర్తుండదు. మన మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో ఫామ్‌హౌస్‌ల కాపలాకు, కోళ్ల ఫారాల్లో, పూల తోటల్లో, కట్టడాల దగ్గర పనికి బీహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఒకడు నేరం చేస్తే "వాళ్లందరూ ఒకటే, వాళ్లలో ఇంకెవరో కలిసే ఉంటారు" అనడం తేలిక. తోడుదొంగ ఎవరని వెతికే పనిలో మన కన్ను మొట్టమొదట పరాయి భాష మాట్లాడేవాడి మీద పడుతోందంటే, అది అనుమానం కూడా కాదు. అది పక్షపాతం.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే కేసు ఇంకొకటి ఉంది. అక్కడ పోలీసులే ఒక్కడు కాదు, పన్నెండు మంది అన్నారు. పారిశ్రామికవేత్త చిగురుపాటి జయరామ్ హత్య కేసు. 2019 జనవరి 31న హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో హత్య జరిగింది. మృతదేహం అప్పటి కృష్ణా జిల్లా నందిగామ దగ్గర ఐతవరం వద్ద, జాతీయ రహదారి పక్కన ఆయన కారులోనే దొరికింది. రోడ్డు ప్రమాదంలా కనబడాలన్నది ఎత్తుగడ. మొదట నందిగామ పోలీసులు చూసిన కేసు తర్వాత తెలంగాణకు బదిలీ అయింది. రాకేష్ రెడ్డి ప్రధాన నిందితుడు. అతనితో పాటు ఇంకో పదకొండు మంది మీద అభియోగాలు మోపారు. ప్రమాదంగా ఎలా చూపించాలో సలహా ఇచ్చారన్న ఆరోపణపై పోలీసు అధికారులు కూడా ఆ జాబితాలోకి ఎక్కారు. నాలుగేళ్ల తర్వాత, 2023 మార్చిలో నాంపల్లి కోర్టు తీర్పు చెప్పింది. రాకేష్ రెడ్డికి యావజ్జీవం. మిగతా పదకొండు మంది నిర్దోషులు.

తీర్పు వచ్చిన నాడు చాలామంది అడిగారు, "మరి ఒక్కడే చంపి, ఒక్కడే కారెక్కించి, ఒక్కడే నందిగామ దాకా తీసుకెళ్లాడా?" అడగడంలో తప్పు లేదు. కానీ ఇక్కడొక తేడా గమనించాలి. వీళ్లకు సంబంధం లేదని రుజువైనా, వీళ్లకు సంబంధం ఉందని రుజువు కాకపోయినా, తీర్పులో రెంటికీ పడే మాట ఒకటే, నిర్దోషి అని. మన చట్టం ప్రతి నిందితుడికీ ఆ మాట పూర్తి గౌరవంతో ఇస్తుంది. మనమూ ఇవ్వాలి. తీర్పు వచ్చాక ఆ పదకొండు మందిలో ఎవరినైనా వేలు పెట్టి చూపే హక్కు మనకు లేదు. తీర్పు తప్పనిపిస్తే హతుడి కుటుంబానికి, ప్రభుత్వానికి పై కోర్టులో అప్పీలు ఉంది. ఆ దారి మాత్రమే ఉంది.

అసలు తోడున్నవాడు అంటే ఎవరు? సినిమాలు చూసి మనం కత్తి పట్టినవాడి పక్కన కాళ్లు చేతులు పట్టుకున్నవాడినే తోడుదొంగ అనుకుంటాం. చట్టం అంతకంటే చాలా దూరం చూస్తుంది. నలుగురు ఒకే ఉద్దేశంతో కలిసి దిగితే, దెబ్బ ఎవరు కొట్టినా నలుగురూ కొట్టినట్టే. పాత శిక్షాస్మృతిలో ఇది 34వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 3వ సెక్షన్ ఐదో ఉపవిభాగం. ముందుగా కూర్చుని పథకం వేస్తే అది కుట్ర, నేరం జరిగిన చోట లేకపోయినా సరే. డబ్బిచ్చి పురమాయించినా, తెలిసి మందులు కొనిపెట్టినా, బండి ఇచ్చినా అది ప్రేరేపణ. చంపడంతో ఏ సంబంధం లేకుండా, తర్వాత రక్తపు బట్టలు తగలబెట్టినవాడు, మృతదేహాన్ని పడేయడానికి బండి తోలినవాడు సాక్ష్యాన్ని మాయం చేసిన నేరం కింద శిక్షకు గురవుతాడు. కాబట్టి "ఇంకెవరైనా ఉన్నారా" అన్నప్పుడు మనం అడుగుతున్నది ఒక ప్రశ్న కాదు. ముందు ఎవరు? అక్కడ ఎవరు? తర్వాత ఎవరు? ఈ మూడిట్లో దేని గురించి అడుగుతున్నామో స్పష్టంగా ఉంటేనే దర్యాప్తు అధికారికి మన మాట పనికొస్తుంది.

నేరస్థుడి భార్య, తల్లి, అన్న అయినంత మాత్రాన ఎవరూ తోడుదొంగ కారు. ఇది గట్టిగా చెప్పడానికి కారణం హాజీపూర్. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలోని ఆ ఊళ్లో ముగ్గురు బాలికల హత్యలు 2019 ఏప్రిల్‌లో బయటపడ్డాయి. ఆ పిల్లల పేర్లు నేను చెప్పను, చట్టం కూడా ఒప్పుకోదు. వాళ్లలో ఒక చిన్నారి 2015లోనే కనిపించకుండా పోయింది. నాలుగేళ్ల తర్వాత ఆమె అవశేషాలు బావిలో దొరికాయి. ఆ నాలుగేళ్లు ఆ తల్లిదండ్రులు ఎలా బతికారో తలచుకుంటేనే గుండె తరుక్కుపోతుంది. మర్రి శ్రీనివాస్ రెడ్డికి 2020 ఫిబ్రవరి 6న నల్లగొండలోని పోక్సో కోర్టు ఉరిశిక్ష వేసింది. అంతకుముందు కర్నూలులో ఒక మహిళ హత్య కేసులో అతడు మరికొందరితో కలిసి నిందితుడిగా ఉన్నాడని పోలీసులే చెప్పారు. అలాంటి గతం ఉన్నవాడి విషయంలో "ఇక్కడ కూడా ఇంకెవరైనా ఉన్నారా" అని అడగడం న్యాయమైన ప్రశ్నే. ఊరి జనం కోపం పట్టలేక అతడి ఇంటి మీద పడి తగలబెట్టడం మాత్రం ఆ ప్రశ్నకు జవాబు కాదు. నిందితుడు ఉన్న ఇల్లు అంటే సాక్ష్యాలు దొరికే చోటు. దాన్ని కాల్చేస్తే తోడున్నవాడి జాడ ఉన్నా బూడిదైపోతుంది.

మన రంగారెడ్డి జిల్లాలోనే జరిగిన ఇంకో ఘటనను వదిలేసి ఈ మాట ముగించలేను. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిని నలుగురు కలిసి చంపారని కేసు పెట్టారు. డిసెంబరు 6న ఆ నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజు పోలీసుల మీద పూలు చల్లినవాళ్లలో మన వైపు వాళ్లూ ఉండి ఉంటారు. ఆ ఆడబిడ్డకు జరిగిన ఘోరం చూసిన ఎవరికైనా కోపం రావడం సహజం. కానీ సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పులు ఆత్మరక్షణ కోసం జరిగినవి కావని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. ఎవరు ఏం చేశారు, ఎవరు ముందున్నారు, ఎవరు భయపడి వెనక నిలబడ్డారు, వీళ్లు కాక ఇంకెవరికైనా తెలుసా అన్నది ఇక ఏ కోర్టులోనూ తేలదు. చనిపోయినవాణ్ణి బోనులో నిలబెట్టి అడగలేం. తోడున్నవాళ్లంతా దొరకాలని నిజంగా కోరుకునేవాడు నిందితుడు ప్రాణంతో కోర్టుకు రావాలని కోరుకుంటాడు.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో జరిగిన ఆయేషా మీరా హత్య కేసులో సత్యంబాబుకు 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులే ఇతడు కాదని మొదటి నుంచీ అన్నారు. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి అతడి జీవితంలో ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచాయి. మరుసటి ఏడాది కేసు సీబీఐకి వెళ్లింది. ఆ తల్లిదండ్రులు "వీడితో ఇంకెవరున్నారు" అని అడగలేదు, "అసలు వీడేనా" అని అడిగారు. శిక్షపడ్డ ప్రతివాడి వెనక ఒక ముఠాను ఊహించడానికి ముందు, ఆ మొదటి మనిషి మీద రుజువు ఎంత గట్టిదో చూడాలని ఆ కేసు చెబుతోంది. అక్కడ పునాది లేకపోతే దాని మీద ఎంతమంది పేర్లు పేర్చినా నిలబడదు.

మరి రుజువు ఎలా దొరుకుతుంది? "వాడే చెప్పాడట, ఇంకో ఇద్దరున్నారని" అన్న మాట మీరు వినే ఉంటారు. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. ఆ ఒప్పుకోలు వల్ల కత్తి దొరికితే, ఫోన్ దొరికితే, ఆ దొరికిన మేరకే దానికి విలువ. ఒక నిందితుడు ఇంకొకడి పేరు చెప్పినంత మాత్రాన రెండోవాడికి శిక్ష పడదు. దానికి వేరే ఆధారం తోడు కావాలి. ఈ నియమం మంచిదే. లేకపోతే దొరికినవాడు పగవాళ్ల పేర్లన్నీ చెప్పి తన వెంట లాక్కుపోతాడు. తోడున్నవాడే అప్రూవర్‌గా మారి నిజం చెబితే కోర్టు క్షమాభిక్ష పెట్టి అతడి సాక్ష్యం తీసుకోవచ్చు. గాంధీజీ హత్య కేసులో దిగంబర్ బడ్గే అలా మారినవాడే. అయినా అతడి మాటకు బలమిచ్చే వేరే సాక్ష్యం కోసం కోర్టులు వెతుకుతాయి.

ఈ రోజుల్లో తోడున్నవాణ్ణి పట్టిచ్చేది ఎక్కువగా యంత్రమే. ఆ రాత్రి ఎవరి ఫోన్ ఏ టవర్ కింద ఉంది, ఎవరు ఎవరికి ఎన్నిసార్లు చేశారు, టోల్ గేటు దగ్గర ఏ బండి దాటింది, పెట్రోలు బంకు కెమెరాలో ఎవరు కనబడ్డారు. కారు సీటు మీద దొరికిన వెంట్రుకలో డీఎన్ఏ ఎవరిది. మన బీజాపూర్ రోడ్డు మీద బంకులకు, దుకాణాలకు, ఫామ్‌హౌస్ గేట్లకు కెమెరాలున్నాయి. కానీ చాలా కెమెరాల్లో పాత దృశ్యాలు కొద్ది రోజులకే చెరిగి వాటి మీద కొత్తవి పడతాయి. కాబట్టి ఆరు నెలల తర్వాత కలిగే అనుమానం కంటే ఆరో రోజు చెప్పే మాటకు విలువ ఎక్కువ.

ఇక చాలామంది అడిగే ప్రశ్న. శిక్ష పడిపోయాక తోడున్నవాడి సంగతి బయటపడితే ఏమవుతుంది? తలుపు మూసుకున్నట్టేనా?

సగం మూసుకుంటుంది. విచారణ నడుస్తుండగా సాక్ష్యాల్లో కొత్త మనిషి పేరు బలంగా బయటికి వస్తే అతణ్ణి కూడా నిందితుడిగా పిలిచే అధికారం కోర్టుకు ఉంది. పాత చట్టంలో ఇది 319వ సెక్షన్, కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 358. ఈ అధికారం ఎప్పటిదాకా అన్న వివాదం తీర్చడానికి సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూర్చుంది. సుఖ్‌పాల్ సింగ్ ఖైరా కేసులో 2022 డిసెంబరు 5న తీర్పు చెప్పింది. దోషిగా తేలిన కేసుల్లో శిక్ష ప్రకటించడానికి ముందే ఆ ఉత్తర్వు రావాలి. శిక్ష ప్రకటించాక అదే కేసులో, ఆ సెక్షన్ కింద కొత్త మనిషిని చేర్చడం కుదరదు.

మిగతా సగం తెరిచే ఉంటుంది. కొత్త ఆధారం దొరికితే పోలీసులు తదుపరి దర్యాప్తు చేసి, ఆ కొత్త మనిషి మీద వేరే అభియోగపత్రం వేయవచ్చు. ఒక నేరానికి ఒక మనిషిని రెండుసార్లు శిక్షించకూడదన్న రాజ్యాంగ రక్షణ శిక్షపడ్డవాడికే గానీ, ఇంతవరకూ బోనెక్కని తోడుదొంగకు కాదు. హత్య కేసుకు కాలపరిమితి లేదు. ఇరవై ఏళ్లయినా కేసు పెట్టవచ్చు.

ఇలా తీర్పు తర్వాత ప్రశ్న మళ్లీ లేచిన ఉదాహరణ మన దేశ చరిత్రలోనే ఉంది. గాంధీజీ హత్య కేసులో 1949 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. నాథూరామ్ గాడ్సేని, నారాయణ్ ఆప్టేని అదే ఏడాది నవంబరు 15న అంబాలా జైల్లో ఉరితీశారు. కథ అయిపోయిందనుకున్నారు. 1964లో పుణేలో, ఆ కేసులో జైలు నుంచి విడుదలైనవాళ్లను సత్కరించే సభలో జి.వి. కేత్కర్ అనే పెద్దమనిషి, ఈ హత్య పథకం సంగతి తనకు ముందే తెలుసన్నాడు. దేశమంతా అట్టుడికింది. పార్లమెంటులో గొడవ జరిగింది. జస్టిస్ జీవన్‌లాల్ కపూర్ కమిషన్ ఏర్పడి, ఎవరెవరికి ముందే తెలుసు, తెలిసినవాళ్లు ఏం చేశారు అన్నది తవ్వి 1969లో నివేదిక ఇచ్చింది. పోలీసుల వైఫల్యాన్ని తప్పుపట్టింది. రాజీవ్ గాంధీ హత్య కేసులోనూ పూందమల్లి కోర్టు శిక్షలు వేసిన 1998లోనే, దాని వెనక పెద్ద కుట్ర ఉందా అని చూడటానికి ప్రత్యేక సంస్థను పెట్టారు. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపినట్టు జేమ్స్ ఎర్ల్ రే 1969లో నేరం ఒప్పుకుని శిక్ష పొందాడు. పదేళ్ల తర్వాత వాళ్ల పార్లమెంటు కమిటీ, అతడు ఒంటరిగా చేసి ఉండకపోవచ్చని, కుట్ర ఉండే అవకాశమే ఎక్కువని చెప్పింది.

అవి పెద్దవాళ్ల హత్యలు, అందుకే కమిషన్లు వచ్చాయి. చేవెళ్ల మండలంలో ఒక కూలీ బిడ్డ హత్యకు గురైతే పదిహేనేళ్ల తర్వాత ఎవరూ కమిషన్ వేయరు. నాకు బాధ కలిగించేది ఇదే. మన ఇంటి మనిషి విషయంలో ఆ ప్రశ్న అడిగే అవకాశం మనకు మొదట్లోనే ఉంటుంది, ఒకేసారి ఉంటుంది. అందుకే ఆ అవకాశాన్ని ఎలా వాడుకోవాలో నాలుగు మాటలు చెప్పి సెలవు తీసుకుంటాను.

మీరు హతుల కుటుంబం వాళ్లైతే, ఇంకెవరి మీదైనా అనుమానం ఉంటే నోటి మాటగా చెప్పి ఊరుకోకండి. ఏం చూశారో, ఎప్పుడు చూశారో, ఎందుకు అనుమానమో కాగితం మీద రాసి, సంతకం పెట్టి స్టేషన్‌లో ఇవ్వండి. ఒక నకలు మీద ముద్ర వేయించుకోండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు మీకు తెలియజేయాలని కొత్త చట్టం పోలీసులకు చెబుతోంది. చెప్పకపోతే అడగండి. అభియోగపత్రం వేశాక అందులో ఒక్కడి పేరే ఉంటే, విచారణ మొదలయ్యే ముందే ప్రభుత్వ న్యాయవాదిని కలిసి మీ అనుమానం చెప్పండి. ఆయనకు సాయంగా మీ తరఫున ఒక వకీలును పెట్టుకోవడానికి కోర్టు అనుమతి ఇవ్వవచ్చు. స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఎవరైనా నిర్దోషిగా విడుదలై, ఆ తీర్పు సరికాదని మీకనిపిస్తే, ప్రభుత్వం కదలకపోయినా బాధితులుగా మీరే అప్పీలు వేయవచ్చు. 2009 చివరి నుంచీ ఆ హక్కు మీకుంది.

మీరు చూసినవాళ్లైతే, ఆ రాత్రి ఆ బండిని, ఆ మనిషిని చూసి ఉంటే, హత్య గురించి తెలిసిన సమాచారాన్ని పోలీసులకో, మేజిస్ట్రేట్‌కో చెప్పడం చట్టప్రకారం మీ బాధ్యత. భయముంటే భయముందని చెప్పండి. సాక్షులకు రక్షణ ఇచ్చే పథకాన్ని సుప్రీంకోర్టు 2018లోనే దేశమంతటికీ చట్టంగా ప్రకటించింది. మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇస్తే తర్వాత మీ మీద ఒత్తిడి తెచ్చి మాట మార్పించడం కష్టమవుతుంది. ఫామ్‌హౌస్ యజమానులకు, బంకుల వాళ్లకు, దుకాణదారులకు ఒక విన్నపం. మీ చుట్టుపక్కల ఘోరం జరిగిందని తెలిసిన రోజే కెమెరా దృశ్యాలను చెరిగిపోకుండా విడిగా దాచి పెట్టండి. ఎవరూ అడగకపోయినా దాచండి.

చూడనివాళ్లైతే, దయచేసి ఎవరి పేరూ చెప్పకండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను ఇంకొకరికి పంపకండి. తెలిసినవాళ్లు తెలిసినంత మేరకు స్టేషన్‌కు వెళ్లి చెప్పండి, శిక్ష పడ్డాక కాదు, ఈ వారంలోనే.